మూరెడు గోడ

మా మామ పోయాడన్న కబురు చంద్రపూర్ పక్క దుర్గాపూర్‌లో మా ఇంటెదురు ఎస్టీడీ బూత్‌కి వచ్చింది. మా ఇంట్లో ఫోన్ లేదు, బూత్ నంబరే మా నంబరు. బూత్ అతను రోడ్డు అవతలి నుంచి చెయ్యి ఊపితే, పళ్లు తోముకుంటున్నవాణ్ని అట్లాగే వెళ్లి రిసీవర్ అందుకున్నాను. అవతల మా బామ్మర్ది.

“బావా, నాయిన పోయిండు.”

“పొద్దుపొద్దుగాల యాడికి పోయిండు?” అన్నాను.

నేను నవ్వు కోసం ఆగాను. ఎందుకంటే మొన్న ఎండాకాలంలో అదే బూత్ నుంచి, మామకి ఫోన్ చేసి, గొంతు మార్చి, మరాఠీలో, “ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మిమ్మల్ని మళ్లీ ఆఫ్రికా పంపిస్తున్నాం, సాయంత్రం బండికి తయారుగా ఉండండి” అని చెప్పింది నేనే. మామ నిజంగానే అటక మీది పెట్టె దించి, రెండు లుంగీలు మడత పెట్టాడు. అప్పటి నుంచి దానికి బదులు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నాను. ఇది ఆ బదులే అనుకున్నాను. కానీ నవ్వు రాలేదు. వెనకాల మా అత్త ఏడుపు వినిపించింది. నోట్లో పేస్టు నురగ అట్లాగే ఉండిపోయింది.

చాయ్ తాగి, సాసర్ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. ఆయన మనుషుల్ని తొందరపెట్టడం, తాను తొందరపడటం రెండూ ఎరగడు. ఆ ఒక్కసారే తొందరపడ్డాడు.

ఆయన మా అమ్మకి అన్న. తాపీ మేస్త్రి. ఉప్పర్వాహి సిమెంట్ ఫ్యాక్టరీలో సున్నపురాయి కాల్చే భట్టీ లోపల ఇటుకలు పేర్చే గ్యాంగుకి పెద్ద. ఆయన ఉండే బాబుపేట్‌లో మేస్త్రి అంటే ఆయనే. నేను ఆయన గ్యాంగులోనే పని నేర్చుకున్నాను, ఆయన వెనకే తిరిగాను, ఆయన్నే ఎక్కువ ఏడిపించాను. మేనమామని ఏడిపించడం అల్లుడి హక్కు కదా. నేను ఏడో తరగతిలో బడికి దండం పెట్టిన మనిషిని. నాకొచ్చిన తెలుగు అక్షరాలు ఆదివారం బడిలో పాటల పుస్తకం చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి. మన చంద్రపూర్‌లో తెలుగు మాట్లాడే నోళ్లకి కొదవ లేదు, చదివే కళ్లే తక్కువ. అందుకని ఇది చదవగలిగినవాళ్లు చదవలేనివాళ్లకి వినిపించండి. ముఖ్యంగా మా బామ్మర్దికి ఎవరైనా చదివి వినిపించండి. నేను చెప్తే వాడు నమ్మలేదు.

సంగతి ఒక గోడ గురించి.

మామ ఇంటికి వెళ్లినవాళ్లందరికీ ఆ గోడ తెలుసు. వాకిలి దాటగానే ముందు గదిలో ఎదురుగా కనిపిస్తుంది. గోడంతా అద్దంలా నున్నగా ప్లాస్టర్ చేసి ఉంటుంది. మధ్యలో మాత్రం మూరెడు పొడవు, మూరెడు వెడల్పు మేర ప్లాస్టర్ ఉండదు. ఎర్ర ఇటుకలు బయటికి చూస్తుంటాయి. అంత పేరున్న మేస్త్రి సొంత ఇల్లు కట్టుకుంటూ ఎదురుగోడ అట్లా వదిలేస్తే ఊరు ఊరుకుంటుందా?

“సిమెంట్ ఊర్ల ఉండి సిమెంట్ తక్కువైందా మేస్త్రీ?” అని అడగనివాళ్లు లేరు.

“అవు, తక్కువైంది,” అనేవాడు మామ. అందరికీ అదే జవాబు.

నేను ఒక క్రిస్మస్ ముందు రోజు ఆ ఇటుకల మీద సుద్దముక్కతో, “సిమెంట్ పాహిజే” అని రాసి పెట్టాను. సిమెంట్ కావాలి అని, బాటన పోయే మరాఠీ వాళ్లకి కూడా అర్థం కావాలని. మామ కోప్పడలేదు. తడిగుడ్డతో మెల్లగా తుడిచాడు. పండుగ కాగానే పని మీద నన్ను నిచ్చెనెక్కించి, సాహుల్ దారం పట్టుకోమన్నాడు. గుండు కిందికి వేలాడుతుంటే గోడ నిలువు చూసే దారం అది. “కదలకు అల్లుడా, గోడ సూస్తున్న,” అని కింద చాయ్ తాగడానికి పోయాడు. చాయ్ అయింది, బీడీ అయింది, ఎవరో వస్తే వాళ్లతో ముచ్చట కూడా అయింది. నా భుజం పడిపోయింది. తర్వాత పైకి చూసి, “మంచిగున్నది గోడ. దిగు,” అన్నాడు. ఆయన బదులు తీర్చుకునే పద్ధతి అది.

ఆ మూరెడు గోడ ఎక్కడి నుంచి వచ్చిందో బాబుపేట్‌లో నాకొక్కడికే తెలుసు. ఎందుకంటే అప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను, గ్యాంగులో మిగతావాళ్లు తర్వాత తలో ఊరు పట్టి పోయారు.

దేశం తలుపులు బార్లా తెరుచుకుంటున్న కొత్త రోజులు. మన చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి, భట్టీ మేస్త్రీలకి గిరాకీ పెరుగుతోంది. మనుషుల్ని పనికి కుదిర్చే ఒక ఠేకేదారు వచ్చి, ఆఫ్రికా ఖండం పైఅంచున మొరాకో అని ఒక దేశం ఉంది, అక్కడ ఫ్యాక్టరీ లేస్తోంది, మనుషులు కావాలన్నాడు. మామ తన గ్యాంగుతో బయలుదేరాడు. పోయే ముందు మా అత్తని భయపెడదామని, “అత్తా, గాడ బస్టాండ్ల సింహాలు తిరుగుతయట,” అన్నాను.

“పులి తిరిగే ఊరోళ్లం, సింహానికి భయపడ్తమా? నిన్ను సూస్తే గదే ఉరుకుతది,” అంది అత్త.

అక్కడ సింహాలు లేవు. కొండల కింద చిన్న ఊరు. మట్టి ఇటుకల ఇళ్లు, ఈతచెట్ల లాంటి ఖర్జూరం చెట్లు, చలికాలం పొద్దున నీళ్లు ముట్టుకుంటే వేళ్లు ఊడిపోయేంత చలి. ఫ్యాక్టరీ లారీ డ్రైవర్ ఒకతను ఆ ఊరివాడే. హిందీ సినిమాలు చూసి చూసి హిందీ నేర్చాడు. “పానీ లావ్” అనడానికి కూడా గుండె మీద చెయ్యి పెట్టుకుని అనేవాడు. మేం అతన్ని హీరో అని పిలిచేవాళ్లం.

ఒక రోజు హీరో ఒక ముసలామెను మా దగ్గరికి తీసుకొచ్చాడు. నల్ల చీర లాంటి బట్ట నిండా కప్పుకుని, గడ్డం మీద పచ్చబొట్టుతో, అచ్చం మన గోండు ముసలవ్వలా ఉంది. అందుకని మేం ఆమెని అవ్వ అనే అన్నాం. హీరో నిట్టూర్చి, “యే మా కహతీ హై, ఉస్‌కే ఘర్ కే బాజూ మే ఏక్ ఛత్ రో రహీ హై,” అన్నాడు. పక్కింటి పైకప్పు ఏడుస్తోందట.

సెలవు రోజున వెళ్లి చూశాం. అవ్వ ఇంటి పక్కన ఒక తాళం వేసిన తలుపు. అవ్వ కొంగుముడి విప్పి జానెడు ఇనప తాళంచెవి తీసింది. లోపల పొడుగాటి గది. మధ్యలో కర్ర కటకటాలు కట్టిన ఎత్తు అరుగు. ఒక గోడలో చెక్కిన అల్మారా, దానికి వెలిసిన పరదా. దూలాల నుంచి గొలుసులకి వేలాడే గాజు దీపాలు, కొన్ని పగిలినవి. పైకప్పు ఒక మూల కూలింది. గోడ వెంట వాన చారలు. పిచ్చుకలు గూళ్లు పెట్టాయి. కానీ నేల మాత్రం పొద్దున్నే ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది.

“గిది చర్చి కాదు, మసీదు కాదు. మరేందిరా?” అన్నాడు మామ.

“యహూదీ,” అన్నాడు హీరో. యూదుల ప్రార్థన ఇల్లు.

మామ వెంటనే బయటికొచ్చి చెప్పులు విప్పాడు. ఇక్కడ విప్పక్కర్లేదని హీరో చెప్పినా వినలేదు. “అల్లుడా, పుట్టినకాన్నుంచి మనం వింటున్న కథలన్ని వీళ్లవేరా. ఇన్నేండ్లకు ఇంటికొచ్చినం. చెప్పులేసుకొని పోతమా?” అన్నాడు. నేను కూడా విప్పాను. చలికి కాళ్లు కొయ్యబారిపోయాయి.

అవ్వ పుదీనా వేసిన చాయ్ పోస్తూ చెప్పిన కథ హీరో మాకు చెప్పాడు. ఆ వీధంతా ఒకప్పుడు యూదులదే. వెండి నగలు చేసేవాళ్లు. ఈ ప్రార్థన ఇల్లు ఒక వెండిపనివాళ్ల కుటుంబం తమ ఇంటి పక్కనే కట్టుకుంది. శనివారం వాళ్లు నిప్పు ముట్టరు. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు శనివారం శనివారం వెళ్లి వాళ్ల పొయ్యి వెలిగించి వచ్చేదట. వాళ్ల పులియని రొట్టెల పండుగకి ఇంట్లో పిండి ఉంచరు, అది అయిపోయిన సాయంత్రం మొదటి పిండి పళ్లెం అవ్వ వాళ్లింటి నుంచే పోయేది. తర్వాత కాలం మారింది. వాళ్లు దూరదేశాలకి వెళ్లిపోతుంటే వీధి వీధంతా ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. అందరికన్నా చివర వెళ్లింది ఈ వెండివాళ్లు. ఆ ఇంటి పెద్దామె ఈ తలుపుకి తాళం వేసి, చెవి అవ్వ చేతిలో పెట్టి ఒక్క మాటే చెప్పింది. ఎట్లా ఉందో అట్లాగే ఉంచు అని.

అవ్వ మాట ఇచ్చింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఊడుస్తోంది. ఎవరో గోదాం కింద ఇమ్మన్నారు, ఇవ్వలేదు. దూలాలు కొంటామన్నారు, ఇవ్వలేదు. వాననే ఆపలేకపోయింది.

“మేం ఆపుతం,” అన్నాడు మామ. తెలుగులోనే అన్నాడు. అవ్వకి అర్థమైంది.

ఆ చలికాలమంతా మా సెలవు రోజులు అక్కడే గడిచాయి. పాత పద్ధతిలోనే రెల్లు పరిచి, మట్టి, సున్నం కలిపి పైకప్పు వేశాం. సిమెంట్ ఫ్యాక్టరీ మనుషులమై ఉండీ మామ ఒక్క తట్ట సిమెంట్ తేనివ్వలేదు. “ముసలి గోడకు ముసలి సున్నమే ఇయ్యాలె,” అనేవాడు. నిజాం కాలం నుంచి మన నోళ్లలో పడి ఉన్న ఉర్దూ మాటలు కొన్ని వాళ్ల అరబ్బీలోనూ ఉన్నాయి, అవి అక్కడ పనికొచ్చాయి. సాబూన్, కుర్సీ, కితాబ్, దునియా, సబర్. ఈ అయిదు మాటలతో మామ, అవ్వ గంటలకొద్దీ ముచ్చట పెట్టేవాళ్లు. అవ్వ పైకప్పు చూపించి “దునియా” అని తల ఊపేది. మామ ఓపిక పట్టమన్నట్టు “సబర్, సబర్” అనేవాడు. ఇద్దరూ తృప్తిగా చాయ్ తాగేవాళ్లు.

“మామా, గీ సంసారం సంగతి అత్తకు రాయాల్నా?” అన్నాను ఒకసారి.

“రాయి. నీ చేతిరాత చదివి ఎవడు ఏం తెల్సుకుంటడు?” అన్నాడు.

పైకప్పు అయింది. వాన తిన్న గోడలకి సున్నపు పూత అయింది. చివరి రోజు సామాను సర్దుతూ మామ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు. ఎదురుగోడ మధ్యలో ఒక చదరం పూత లేకుండా మట్టి ఇటుకలతో ఉంది. అంతకుముందు వాన చారల మధ్య కలిసిపోయి కనబడలేదు. ఇప్పుడు చుట్టూ తెల్లగా అయ్యేసరికి కంట్లో పడ్డ నలుసులా ఉంది. మామ మోచెయ్యి ఆనించి చూశాడు. సరిగ్గా మూరకి మూర.

“ఎవడో మేస్త్రి అన్నం యాళ్లకు లేచిపోయి మల్ల రాలే,” అన్నాడు.

“తిన్నది ఎక్కువై పండుకున్నడేమో,” అన్నాను నేను.

మామకి సగం పని చూస్తే ఒళ్లు కంపరం. సగం పని సగం అబద్ధం అనేవాడు. మిగిలిన సున్నం కలిపి, ఆ చదరం మీద పూసి, చెక్కతో తోమి, మన దగ్గర పెళ్లిళ్లకి అరుగులు నునుపు చేసినట్టు మెరిపించాడు. అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు.

మర్నాడు సాయంత్రం హీరో వచ్చి మమ్మల్ని పిలిచాడు. గుండె మీద చెయ్యి లేదు, సినిమా మాట లేదు. వెళ్లేసరికి అవ్వ ఆ గది మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. తిట్టలేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది, అంతే.

హీరో మామూలు గొంతుతో చెప్పాడు. యూదుల పెద్ద దేవాలయం ఒకప్పుడు శత్రువులు కూలగొట్టారు. అప్పటి నుంచి వాళ్లు ఎక్కడ ఇల్లు గానీ ప్రార్థన ఇల్లు గానీ కట్టుకున్నా తలుపుకి ఎదురుగా మూరెడు గోడ పూత పూయకుండా వదిలేస్తారు. ఎంత మంచి ఇల్లు కట్టుకున్నా, లోపలికి వస్తూ ఒకసారి ఆ కూలిన ఇంటిని తలుచుకోవాలని. ఈ వెండివాళ్ల ఇంటి ఆడవాళ్లు ఇక్కడికి రాగానే ముందు ఆ ఇటుకల మీద చెయ్యి పెట్టేవాళ్లు. అమ్మ, నాయనమ్మ, ఆమె తల్లి, అందరూ. ఆ పెద్దామె కూతురు ఈసారి పండుగ అయ్యాక వస్తోంది, ఫ్రాన్సు నుంచి. పసిపిల్లగా వెళ్లింది, మళ్లీ మొదటిసారి వస్తోంది. చూసుకోవడానికి ఆమెకి ఇంకేం మిగల్లేదు. ఇల్లు ఎవరో కొనేశారు. ఈ గది, ఆ చదరం, అంతే.

మామ అవ్వ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చేతిలో ఉన్న తాపీ పక్కన పెట్టాడు.

గ్యాంగులో వాళ్లందరూ, దానికేం, ఉలీ సుత్తీ ఇస్తే మధ్యాహ్నానికి చెక్కేస్తాం అన్నారు. మామ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. “కింద ఉన్నది మట్టి ఇటుక. దెబ్బ పడితే పెచ్చు లేస్తది. గా ఇటుక మీద చేతులు పెట్టి పెట్టి మెరుగొచ్చింది. నిన్న నా కండ్లతోని చూసి కూడ, నూనె మరకనుకున్న. గా మెరుగు పోతే ఏ మేస్త్రి తెస్తడు?”

అది ఏ మేస్త్రీ తేలేనిది. అందుకే ఆయనకి అన్నం సహించలేదు.

డ్యూటీ దిగగానే రోజూ వెళ్లేవాడు. నేను దీపం పట్టుకునేవాణ్ని. మెత్తని గుడ్డ కొద్దిగా తడిపి, నీళ్లు పిండేసి, సున్నం మీద ఆనించి ఉంచేవాడు. తడి ఎక్కువైతే కింద మట్టి కరుగుతుంది, తక్కువైతే సున్నం లొంగదు. రెల్లుపుల్ల చీల్చి, గోరులా చెక్కుకుని, దాంతో సున్నాన్ని పొరపొరగా లేపేవాడు. తానే పూసిన పూత, తానే మెరిపించిన పూత. చేతి పని బాగుండటమే శత్రువైంది. “ఇంత గట్టిగెందుకు పూసినవ్ మామా? జర దొంగపని నేర్చుకోవాల్సింది,” అన్నాను.

“అల్లుడా, ఇయ్యాల నవ్వించకు,” అన్నాడు. నా బతుకులో ఆయన నన్ను ఆపింది ఆ ఒక్కసారే.

అవ్వ రోజూ వచ్చి తలుపు దగ్గర కూర్చునేది. ఒక్కోసారి “సబర్” అనేది. మాటలు తారుమారయ్యాయి. ఇప్పుడు ధైర్యం చెప్పే వంతు ఆమెది.

ఇటుకలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నల్లగా, నున్నగా, పాత చెక్క తలుపు గడియలా ఆ మెరుగు కూడా బయటికొచ్చింది. ఒక్క చోట తప్ప. కింది మూల రెండు వేళ్ల వెడల్పున పెచ్చు సున్నంతో పాటే ఊడొచ్చింది. అక్కడ కొత్త మట్టి, గరుకుగా, తెల్లబారి ఉంది. మామ ఆ పెచ్చుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్లీ అతికించొచ్చు కదా అన్నాను. “అతికిస్తే ఎవలికి కనవడదు అల్లుడా. కని ఇంకో అబద్ధమైతది,” అన్నాడు.

కూతురు వచ్చింది. యాభై ఏళ్లుంటాయేమో, పొట్టి జుట్టు, ప్యాంటు, మెడలో నల్లకళ్లద్దాలు. అవ్వ గుమ్మం దగ్గర పిండి పళ్లెం పెట్టుకుని నిలబడింది. ఇద్దరూ వాటేసుకుని ఏడ్చారు. మేం చేతులు సబ్బుతో కడుక్కుని, చెప్పులు విప్పి, గోడ వారన నిలబడ్డాం. అవ్వ తలుపు తీసింది. ఆమె తిన్నగా ఎదురుగోడ దగ్గరికి వెళ్లి ఇటుకల మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత నుదురు ఆనించింది. ఆమె చెయ్యి మెల్లగా కిందికి జారుతూ జారుతూ ఆ గరుకు చోట ఆగింది.

ఆమె వెనక్కి తిరిగి అవ్వని ఏదో అడిగింది. అవ్వ చటుక్కున జవాబు చెప్పింది. నా పక్కనున్న హీరో చెవిలో చెప్పాడు, “మా బోలీ, మేరీ ఝాడూ లగ్ గయీ.” నా చీపురు తగిలింది అంటోందట. మమ్మల్ని కాపాడటానికి.

ఆ మాట మామ కూడా విన్నాడు. ఒక్క అడుగు ముందుకేశాడు. అవ్వ వద్దన్నట్టు చూసినా ఆగలేదు. తన గుండె మీద చెయ్యి పెట్టి, “నేను,” అన్నాడు. తర్వాత ఆ చెయ్యి చాపి చూపించాడు. సున్నానికి పగిలి, గోళ్ల కింద తెల్లగా ఉన్న చెయ్యి. ఎన్ని సాయంత్రాలు పుల్లతో గీకాడో ఆ వేళ్లే చెప్పాయి.

హీరో ఆమెకి అంతా చెప్పాడు. ఆమె విని, మామ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ గరుకు చోట ఆనించింది. దాని మీద తన చెయ్యి పెట్టింది. ఏదో రెండు మాటలంది. హీరో మాకు చెప్పబోతే మామ తల అడ్డంగా ఊపాడు. అక్కర్లేదన్నాడు.

తిరిగి వచ్చాక బాబుపేట్‌లో పక్కా ఇల్లు మొదలుపెట్టాడు. ముందు గది ప్లాస్టర్ నేనూ ఆయనా కలిసే చేశాం. ఎదురుగోడ దగ్గరికొచ్చేసరికి మోచెయ్యి ఆనించి సుద్దతో చదరం గీశాడు. “దీన్ని ఇడువు,” అన్నాడు.

“మామా, నువ్వెప్పుడు యూదుడివైనవ్?”

ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని గనుల వైపు తీసుకెళ్లాడు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని నుంచి తవ్వి పోసిన మట్టి గుట్టలుగా ఉంటుంది కదా, దాని ముందు ఆపాడు. గుట్ట మీద అప్పటికే తుమ్మచెట్లు మొలిచాయి.

“గీ మట్టి కింద మా నాయిన కట్టిన గుడి ఉన్నది,” అన్నాడు.

మన తాతల కాలంలో కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి గని కూలీల లైన్లలో ఉన్న తెలుగువాళ్లు డ్యూటీ దిగి, తలా కొన్ని ఇటుకలు మోసి కట్టుకున్న చిన్న చర్చి. మామకి తాపీ పట్టడం నేర్పింది ఆ గోడలే. తర్వాత కింద బొగ్గు ఉందని లైన్లు ఖాళీ చేయించారు. అందరికీ వేరే చోట క్వార్టర్లు వచ్చాయి. రేకులు ఎవరో విప్పుకుపోయారు. గోడలు మట్టి కిందికి పోయాయి.

“ఎవలి మీద కోపం లేదురా. బొగ్గు తిని బతికినోళ్లం. బొగ్గుంటే తవ్వుతరు. కని అవ్వ లెక్క ఒక్కలం కూడ అడ్డం నిలవడకపోతిమి. కొత్త క్వార్టర్ల కొళాయి ఉన్నదని ఉరికినం. ఇప్పుడు చెయ్యి పెడదామంటె ఒక్క ఇటుక లేదు.” గుట్టకేసి చూస్తూ ఇంకో మాట అన్నాడు. “ఇంట్ల ఎవలికి చెప్పకు. అయినా నువ్వు చెప్తె ఎవడు నమ్ముతడు?”

అంతకంటే నిజమైన మాట ఆయన చెప్పలేదు.

పోయిన వారం మామ జ్ఞాపకార్థ కూడికకి ఇల్లు తయారు చేస్తున్నారు. బామ్మర్ది పెయింటర్‌ని పిలిచాడు. గోడలకి లేత నీలం రంగు. ఎదురుగోడకి కలర్ టీవీ షోకేస్ పెట్టాలని వాడి ఆలోచన. నేను వెళ్లేసరికి పెయింటర్ బకెట్లో సిమెంట్ కలుపుతున్నాడు.

“గిదెందుకు?” అన్నాను.

“గా బొంద పూడ్సనీకి. నాయినకు సిమెంట్ తక్కువైంది గద. ఇప్పుడు మస్తున్నది,” అన్నాడు బామ్మర్ది.

“అరేయ్, గది ముట్టద్దురా. దానికో కథ ఉన్నది.”

మొదలుపెట్టాను. మొరాకో, అవ్వ, తాళంచెవి, యూదుల గుడి, అన్నీ చెప్పాను. చెప్తుంటే పెయింటర్ నవ్వడం మొదలుపెట్టాడు. హీరో దగ్గరికి వచ్చేసరికి బామ్మర్ది చెయ్యి అడ్డం పెట్టాడు.

“బస్ బావా. నాయిన పోయిండు. ఇంక నీ మస్కరీ ఆగలేదా?”

ఇన్నేళ్లుగా నేను చెప్పిన అబద్ధాలన్నీ వరుసకట్టి వచ్చి నా నోటికి అడ్డం నిలబడ్డాయి. ఒట్టు పెట్టుకుందామంటే నేను ఇదివరకు పెట్టుకోని ఒట్టు లేదు. ఏడుద్దామనుకున్నాను, కానీ దొంగ ఏడుపు కూడా వాడు చూసి ఉన్నాడు. చేసేదేం లేక పెయింటర్ చేతిలోంచి తాపీ లాక్కుని లుంగీలో దోపుకున్నాను.

“ఘ్యా, సురూ ఝాలే,” అని తల కొట్టుకున్నాడు బామ్మర్ది. ఇగో, మొదలైంది అని.

అప్పుడు మా అత్త వంటింట్లోంచి వచ్చింది. కూడికకి వచ్చేవాళ్ల కోసం రొట్టెలు చేస్తోంది, చేతుల నిండా జొన్నపిండి. ఆ గోడ మీద ఇన్నేళ్లూ అందరికన్నా ఎక్కువ తిట్టిన మనిషి ఆమె. చుట్టాల ముందు తలెత్తుకోలేకపోతున్నా అనేది. నా పని అయిపోయిందనుకున్నాను.

“గది ముట్టకు. సుట్టూత రంగెయ్యి,” అంది పెయింటర్‌తో.

“అమ్మా, నీకు తెలుసా దాని సంగతి?” అన్నాడు కొడుకు.

“నాకేం తెల్వది. మీ నాయిన చెప్పలే. నేను అడగలే.”

“మరి?”

అత్త రొట్టె మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది. పెయింటర్ బామ్మర్ది మొహం చూశాడు. బామ్మర్ది నా మొహం చూశాడు. నేను తాపీ తిరిగిచ్చేశాను.

రంగు వేయడానికి పెయింటర్ ఆ చదరం అంచులు శుభ్రం చేస్తుంటే దగ్గరికి వెళ్లి చూశాను. ఇన్నాళ్లూ సుద్దతో రాయడానికే తప్ప అంత దగ్గరగా చూడలేదు. పై వరసలో ఒక ఇటుక నల్లబడి, నున్నగా మెరుస్తోంది. మామ అరచెయ్యి అంత మేర. పనికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆనించిన చెయ్యి.

దానికి రెండు వరసల కింద ఇంకో మెరుగు ఉంది. చిన్నది. ఇంకా అంత నల్లబడలేదు. ఇటుకల మధ్య సందుల్లో తెల్లగా, ఎండిపోయి, జొన్నపిండి.

పెయింటర్ దుమ్మనుకుని కుంచె ఎత్తాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను.